డోపమిన్ కథలో వినిపించని రక్తనాళాల సంగతి

మెథాంఫెటమిన్, కొకైన్ లాంటి ఉత్తేజక మత్తుమందుల గురించి మాట మొదలైతే చాలు, మెదడులో ఉత్సాహాన్ని, హాయిని ముడిపెట్టే రసాయనమైన డోపమిన్ పేరు వచ్చేస్తుంది. అందులో తప్పు లేదు. కానీ అవి మెదడులోకి ఏ దారిన వెళ్తాయో, వెళ్లాక ఆ దారికేమవుతుందో అడిగేవాళ్లు తక్కువ.

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు తప్ప. మెదడుకు ఆ రంగు పట్టే గుణం లేదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకే పట్టింది, మిగతా ఒంటికి పట్టలేదు. అంటే మధ్యలో ఏదో అడ్డు ఉంది. అది మెదడులోని సన్నని రక్తనాళాల గోడలోనే ఉందని 1960లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తేల్చింది. అక్కడి కణాలు క్లాడిన్-5, ఆక్లూడిన్ వంటి ప్రోటీన్ల సాయంతో సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఇదే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్, అంటే రక్తానికీ మెదడుకీ మధ్యనున్న గోడ.

మెథాంఫెటమిన్‌కు ఈ గోడను పగలగొట్టే పనే లేదు. కొవ్వులో సులువుగా కరిగే పదార్థం కాబట్టి కణాల గుండానే లోపలికి జారిపోతుంది. అసలు నష్టం ఆ తర్వాతే. గోడ కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ పదార్థాల తాకిడి పెరుగుతుంది. ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ రెచ్చిపోయి ఆ అతుకుల్ని కొరికేస్తుంది. రక్తంలోనే ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్, దాని వెంట నీరు లోపలికి కారి మెదడు వాస్తుంది. తెల్లరక్తకణాలు కూడా చొరబడి మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) ఎగదోస్తాయి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది వేడి పాత్ర. ఈ మందు మెదడు ఉష్ణోగ్రతను పెంచుతుంది, ఆ వేడిని బయటకు పంపే చర్మపు రక్తనాళాలనేమో బిగిస్తుంది. ఎలుకలకు ఒకే మోతాదును 23 డిగ్రీల గదిలోనూ, 29 డిగ్రీల గదిలోనూ ఇచ్చి చూస్తే, వెచ్చటి గదిలోని ఎలుకల మెదళ్లలో లీకేజీ చాలా ఎక్కువగా కనిపించింది. మెదడు ఎంత వేడెక్కితే లీకేజీ అంత పెరిగింది. కిక్కిరిసిన హాల్లో గంటల తరబడి చిందులేసే వాళ్లకు మోతాదు ఒక్కటే లెక్క కాదన్నమాట.

కొకైన్ దారి కాస్త వేరు. అది రక్తనాళాలను బిగించి రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. గోడ కణాల మీద తెల్లకణాలు అతుక్కునేలా చేసి, అవి లోపలికి దూరడాన్ని సులువు చేస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ఆ వైరస్ మెదడుకు చేరేది ఎక్కువగా తెల్లకణాల్లో దాక్కునే.

ఈ వివరాల్లో చాలా భాగం జంతువుల మీద, ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చినవే. బతికున్న మనిషి మెదడులో సన్నని లీకేజీని కొలవడం కష్టం మరి. ఆ పరిశోధనల్లో టెన్షన్ ప్రస్తావన కూడా ఉంది. రోజుల తరబడి ఒత్తిడికి గురిచేసిన ఎలుకలకు ఆ తర్వాత మెథాంఫెటమిన్ ఇస్తే, మందు ఆగిపోయిన వారం తర్వాత కూడా గోడ కారుతూనే ఉంది.