నలుపు తెలుపే, కానీ వెండి కాదు

అటక మీది ట్రంకు పెట్టెలో రెండు కవర్ల నెగెటివ్‌లు దొరికాయి. ఒకటి నాన్న తీసినవి, రెండోది నా కాలేజీ రోజులవి, ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 రీలు. రెండూ బ్లాక్ అండ్ వైటే. కిటికీకేసి ఎత్తి చూస్తే మాత్రం నాన్నవి బూడిద రంగు, నావి లేత ఊదా జీర.

నాన్న ఫిల్మ్‌లో బొమ్మంటే అసలు సిసలు వెండి. నా రీలును కలర్ ఫిల్మ్ కడిగే సీ-41 ద్రావణాల్లోనే కడుగుతారు. సుమారు 38 డిగ్రీల వేడిలో మూడుంపావు నిమిషాలు డెవలపర్‌లో ఉంచితే, వెండి లవణం వెండిగా మారుతుంది. ఆ క్రమంలో వాడబడిన డెవలపర్, పొరలో ముందే ఉన్న కప్లర్లు అనే రసాయనాలతో కలిసి రంగు పుట్టిస్తుంది. తర్వాత బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతా తీసేస్తాయి. మిగిలేది రంగు మరకలే.

మరి కప్లర్లు లేని మామూలు బ్లాక్ అండ్ వైట్ రీలును ఇందులో వేస్తే? కోఠీ వైపు ఒక ల్యాబ్‌లో నా మరో రీలుకి ఆ ముచ్చటా జరిగింది. 36 ఫొటోలకు బదులు ఖాళీ ప్లాస్టిక్ పట్టీ చేతికొచ్చింది. గట్టిగానే అరిచాను. డబ్బా మీద ఏ ఫిల్మో రాసివ్వని తప్పు నాదే అనుకోండి.

వెండికీ జబ్బులున్నాయి. నీళ్ళలో సరిగ్గా కడగక హైపో, అంటే ఫిక్సర్‌లోని ఉప్పు, మిగిలిపోతే బొమ్మ పసుపు రంగుకు తిరుగుతుంది. శుభ్రంగా కడిగితే మాత్రం మొండిది. 1905లో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్, ఆరో నిజాం కొలువులో ఉండగా తీసిన గాజు పలకలు ఇప్పటికీ ఉన్నాయి. రంగు అలా కాదు, చీకట్లో పెట్టినా వేడికీ తేమకీ దాని అణువులు నెమ్మదిగా విరుగుతాయి. మే నెలలో 40 దాటే హైదరాబాద్‌లో అటకంత చెడ్డ చోటు ఇంకోటి లేదు. జులై వస్తే తేమ సరేసరి.

ఒక ఊరట ఉంది. రంగు కాస్త మారినా, కలర్ నెగెటివ్‌లోలా మొహాలు ఎర్రబడవు. స్కాన్ చేసి గ్రే చేసుకుంటే సరిపోతుంది. పైగా స్కానర్లు దుమ్మును పట్టేది ఇన్‌ఫ్రారెడ్‌తో. దుమ్ము దాన్ని ఆపుతుంది, రంగు ఆపదు, వెండి మాత్రం దుమ్ములాగే ఆపుతుంది. అందుకే నా నెగెటివ్‌ల మీది దుమ్ము బటన్ నొక్కితే పోయింది, నాన్నవాటి మీది చుక్కల్ని నేనే ఒక్కొక్కటిగా తుడుస్తున్నాను.

ఇప్పుడు నా కవరు జిప్ బ్యాగులో, సిలికా జెల్‌తో, ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన ఉంది. బయటికి తీసిన వెంటనే విప్పను. చల్లదనం పోయేదాకా ఆగాలి, లేకపోతే దాని మీదే చెమ్మ పడుతుంది.