పంటి క్లెయిమ్‌కు పెన్షన్ చట్టం

1963 డిసెంబరులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. పెన్షన్ నిధిలో డబ్బు చాలక దాదాపు 4,000 మంది కార్మికులకు రావలసినదాంట్లో సుమారు 15 శాతమే చేతికొచ్చింది. ఆ గొడవ ముదిరి ముదిరి 1974లో ‘ఎరిసా’ అనే ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే కేంద్ర) చట్టమైంది. పెన్షన్ల కోసం పుట్టిన ఆ చట్టం ప్రైవేటు యజమానులిచ్చే వైద్య, దంత ప్లాన్లనూ తన కిందికి లాక్కుంది. ప్రభుత్వోద్యోగుల ప్లాన్లు మాత్రం బయటే ఉండిపోయాయి.

అప్పటిదాకా బీమా అంటే రాష్ట్రాల వ్యవహారం. 1945 నాటి మెక్‌కారన్–ఫెర్గూసన్ చట్టం ఆ మాటే చెప్పింది. దాన్ని పూర్తిగా కాదనలేకే కాబోలు, ఎరిసా 514వ సెక్షన్‌లో మెలిక పెట్టారు. ఉద్యోగుల ప్లాన్లకు సంబంధించిన రాష్ట్ర చట్టాలు చెల్లవు. బీమాను నియంత్రించే చట్టాలైతే చెల్లుతాయి. కానీ క్లెయిములు తన డబ్బుతోనే చెల్లించే యజమానిని బీమా కంపెనీగా లెక్కించకూడదు, అంటే ఆ రాష్ట్ర చట్టాలు అతని ప్లాన్‌ను తాకలేవు! ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కోవడం ఇది. బీమా కొన్న ప్లాన్లకూ సొంత డబ్బుతో నడిచే ప్లాన్లకూ మధ్య ఈ తేడా అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ చేసిందేనని 1985లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది.

దీని ఫలితం మసాచుసెట్స్‌లో చూడొచ్చు. దంత బీమా కంపెనీలు ప్రీమియంలో కనీసం 83 శాతం వైద్యానికే ఖర్చు పెట్టాలని 2022 నవంబరులో అక్కడి ఓటర్లు భారీ మెజారిటీతో తీర్పిచ్చారు. ఒకే డెంటిస్టు దగ్గర ఇద్దరు క్రౌన్ (పంటికి తొడుగు) వేయించుకున్నారనుకోండి. చిన్న ఆఫీసు ఉద్యోగికి యజమాని బీమా కొనిపెడితే ఈ నియమం వర్తిస్తుంది. పెద్ద కంపెనీ తన ఖజానా నుంచే చెల్లిస్తుంటే వర్తించదు. చిత్రమేమిటంటే ఇద్దరి కార్డు మీదా అదే బీమా కంపెనీ పేరుండొచ్చు. రెండోవాడికి ఆ కంపెనీ లెక్కలు చూసే గుమస్తా మాత్రమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెద్ద సంస్థల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందిది ఈ రెండో రకమే. వాళ్లు రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు పంపితే, ఫెడరల్ కార్మిక శాఖను అడగమని జవాబొస్తుంది.

బీమా కొన్న ప్లానైనా కోర్టులో పెద్దగా ఒరిగేదేం లేదు. 1987లో పైలట్ లైఫ్ అనే బీమా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, అన్యాయంగా క్లెయిమ్ తిరగ్గొట్టారని రాష్ట్ర చట్టం కింద నష్టపరిహారం అడగడానికి వీల్లేదు. గెలిస్తే ప్లాన్ కింద రావలసిన డబ్బొస్తుంది, జడ్జి దయతలిస్తే లాయరు ఫీజూ వస్తుంది. ఒక్క క్రౌన్ ఖర్చు కోసం ఫెడరల్ కోర్టు మెట్లెక్కేదెవరు? కంపెనీలకూ ఆ సంగతి తెలుసు.