రాజోలు గాజుగ్లాసు: ఒక్క ఎమ్మెల్యే పార్టీ కథ

సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు (జనాన్ని, బళ్లను దాటించే పెద్ద పడవ) ఎక్కితే, వశిష్ఠ గోదావరి దాటే ఆ కాసేపట్లో రాజకీయం మాట్లాడనివాళ్లు తక్కువ. 2019 మే 23 తర్వాత కొన్నాళ్లపాటు ఆ పంటు మీద వినిపించిన అంకె ఒకటే: 814. రాష్ట్రమంతా ఫ్యాను గాలి వీచి వైసీపీకి 175లో 151 సీట్లు వచ్చాయి. పవన్ కల్యాణ్ భీమవరంలోనూ, గాజువాకలోనూ ఓడిపోయారు. జనసేన గెలిచింది మా రాజోలు ఒక్కటే. గెలిచింది రాపాక వరప్రసాద్, మెజారిటీ 814 ఓట్లు.

814 అంటే ఒక్క పోలింగ్ బూత్‌లో పడే ఓట్లు. ఆ ఒక్క బూత్ అటు తిరిగితే పార్టీకి అసెంబ్లీలో గొంతే ఉండేది కాదు. గుర్తు కూడా కొత్తది. టీ కొట్టులో గ్లాసు చేత్తో పట్టుకుని, "మామ్మా, ఇదే మన గుర్తు" అని ముసలివాళ్లకు చూపించి ఓటడిగిన కుర్రాళ్లున్నారు. పనులు మానుకుని, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని తిరిగారు.

రాపాక రాజకీయాలకు కొత్తవారు కాదు. నియోజకవర్గాల పునర్విభజనలో రాజోలు ఎస్సీ రిజర్వుడు అయ్యాక జరిగిన మొదటి ఎన్నికలో, అంటే 2009లో, కాంగ్రెస్ తరఫున ఇక్కడే గెలిచారు. అదే ఎన్నికల్లో పవన్ అన్న చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం 18 సీట్లు గెలిచి, 2011లో వెళ్లి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. గోదావరి జిల్లాల్లో ఆ జెండా మోసినవాళ్లకు ఆ గాయం ఇప్పటికీ పచ్చిగానే ఉంది. "మన ఓటు మళ్లీ ఎవరి ఖాతాలోకో పోదు కదా" అన్న భయంతోనే చాలామంది గ్లాసుకు ఓటేశారు. రాపాక మీద అంత ఆశ పెట్టుకున్నది అందుకే.

2019 ఆగస్టులో మలికిపురం పోలీస్ స్టేషన్ దగ్గర జరిగిన గొడవలో ఆయనపై కేసు పెట్టినప్పుడు పార్టీ ఆయన వెంటే నిలబడింది. నెలలు తిరక్కముందే దారులు వేరయ్యాయి. ఇంగ్లీషు మీడియం విషయంలో పార్టీ ఒకటి అంటుంటే ఆయన సభలో ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు వచ్చింది. వ్యతిరేకించాలని పవన్ లేఖ రాశారు. రాపాక సభలో లేచి బిల్లుకు మద్దతు పలికారు. ఆ రోజు రాజోలులో గ్లాసు మోసిన కుర్రాళ్ల ముఖాలు చూసినవాళ్లకు తెలుసు, అది మామూలు కోపం కాదు.

ఆ ఏడాది చివర్లో ఆయన కుమారుడు ముఖ్యమంత్రి జగన్ సమక్షంలో వైసీపీ కండువా కప్పుకున్నారు. తండ్రి మాత్రం రికార్డుల్లో జనసేన ఎమ్మెల్యేగానే ఉన్నారు.

ఇలా ఎలా కుదిరిందో తెలియాలంటే చట్టం దగ్గరికి వెళ్లాలి. గెలిచాక పార్టీలు మారే ఆయారాం గయారాంలను ఆపడానికి 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌ను, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా పదవి పోతుంది. మూడో వంతు మంది చీలితే తప్పు కాదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే అనర్హత లేదన్న నిబంధన మిగిలింది. తీర్పు చెప్పేది స్పీకర్. ఎన్నాళ్లలో చెప్పాలో చట్టంలో రాయలేదు.

ఈ చట్టం పెద్ద పార్టీలకే సరిగా పనిచేయలేదు. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళితే, వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. ఇక సభలో రెండో మనిషే లేని పార్టీ గోడు ఎవరికి పడుతుంది? 2024 ఫిబ్రవరిలో స్పీకర్ తమ్మినేని సీతారాం ఎనిమిది మందిపై అనర్హత వేటు వేశారు, నలుగురు వైసీపీ, నలుగురు టీడీపీ. ఆ జాబితాలో రాపాక లేరు. మా ఓటుకు జరిగిన అన్యాయం సభలో కనీసం ఒక ఫైలు కూడా కాలేదన్నదే నా బాధ.

ఒక్క ఓటు విలువ కోనసీమకు ఒకరు చెప్పక్కర్లేదు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది మన బాలయోగి గారే.

2024లో ఆ బాలయోగి కుమారుడు హరీష్ మాధుర్ టీడీపీ తరఫున అమలాపురం ఎంపీగా పోటీ చేశారు. ఎదురుగా ఫ్యాను గుర్తు మీద నిలబడింది రాపాక. అసెంబ్లీకి ఫ్యాను గుర్తు మీద దిగింది గొల్లపల్లి సూర్యారావు, 2019లో ఇదే రాజోలులో టీడీపీ అభ్యర్థి. అంటే అప్పుడు గ్లాసుకీ సైకిలుకీ ఓటడిగిన ఇద్దరూ, ఈసారి బూత్‌లో రెండు యంత్రాల మీదా ఫ్యాను పక్కనే కనిపించారు. అసెంబ్లీ యంత్రం మీద గ్లాసు పక్కన దేవ వరప్రసాద్ పేరు ఉంది. రాజోలు మళ్లీ ఆ గ్లాసే నొక్కింది. ఎంపీగా హరీష్ గెలిచారు. జనసేన పోటీ చేసిన 21 సీట్లూ గెలవడంతో, రాజోలు ఎమ్మెల్యే ఈసారి సభలో ఒంటరిగా కూర్చోలేదు.