దాన్యూబ్ ఒడ్డున రాతి గోడల తోటలు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. దాన్యూబ్ నది పేరు మీరు సోషల్ పుస్తకంలో చదివే ఉంటారు. ఆస్ట్రియాలో ఆ నది మెల్క్ దగ్గర నుంచి క్రెమ్స్ వరకు కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. సుమారు 35 కిలోమీటర్ల పొడవున్న ఆ లోయ పేరు వాఖౌ. అక్కడ వైన్ కోసం ద్రాక్ష పండిస్తారు. వైన్ పెద్దవాళ్ల సంగతి. నాకు మీతో చెప్పాలని ఉన్నది ఆ తోటల్ని మోస్తున్న గోడల గురించి.

ఆ కొండలు నిటారుగా ఉంటాయి. గట్టి రాతి మీద పలుచగా మట్టి ఉంటుంది, వాన పడితే జారిపోతుంది. మధ్యయుగంలో బవేరియా క్రైస్తవ మఠాలకు ఇక్కడ తోటలుండేవి. అప్పట్లోనే ఆ కొండల రాళ్లనే ఏరి, సున్నం లేకుండా పేర్చి, మెట్లు మెట్లుగా మళ్లు కట్టారు. సున్నం ఎందుకు పెట్టలేదో ఆలోచించారా? సందుల్లోంచి వాన నీరు బయటికి పోవాలి. పోకపోతే గోడ వెనక నీరు నిండి, బరువుకు గోడే కూలుతుంది. ఆ రాళ్లు పగలు ఎండ తాగి, రాత్రి తీగలకు వేడినిస్తాయి. సందుల్లో పచ్చ బల్లులు కాపురముంటాయి. బాగా పండిన ద్రాక్షతో చేసే అక్కడి మేలు రకం వైన్‌కు వాటి పేరే పెట్టారు, స్మరాగ్ద్ అని.

ఇక వాతావరణం. తూర్పున హంగరీ మైదానాల నుంచి పొడి వేడిగాలి లోయలోకి వస్తుంది. రాత్రి ఉత్తరాన ఉన్న అడవి కొండల చల్లగాలి దిగుతుంది. పగటి వేడికి పండులో తీపి పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. ఆ రెండూ కలిసి ఉండడమే ఈ పండు గొప్ప.

మన తెలంగాణలో ద్రాక్ష తీగ నిద్రపోదు, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం. అక్కడ చలికాలమంతా ఆకు రాల్చి మోడులా ఉంటుంది. వసంతంలో చిగురేశాక మంచు పడితే పంట పోతుంది, అందుకే ఏప్రిల్‌లో రైతులకు ఒకటే టెన్షన్.

ముఖ్యమైన రకాలు రెండు. గ్రూనర్ వెల్ట్‌లీనర్‌ను ఎక్కువగా కింది మళ్లలో, గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టిలో వేస్తారు. రీస్లింగ్ పైన రాతి నేలల్లో బాగా వస్తుంది. రెండు ద్రాక్ష రకాలు కలిసి గ్రూనర్ పుట్టింది. వాటిలో ఒకటి ట్రామినర్ అనే రకమని తెలిసింది కానీ రెండోది చాలాకాలం దొరకలేదు. చివరికి జాంక్ట్ గేయోర్గెన్ అనే ఊళ్లో మిగిలిన ఒక ముసలి తీగే ఆ రెండోదని డీఎన్ఏ పరీక్షలో తేలింది. ఆ తీగను ఎవరైనా పీకేసి ఉంటే మనకు ఈ సంగతి తెలిసేదే కాదు!

ఈ లోయ చరిత్ర కూడా తక్కువేం కాదు. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో డ్యూర్న్‌స్టైన్ కోటలో బంధించారు. విల్లెన్‌డార్ఫ్‌లో 1908లో 11 సెంటీమీటర్ల రాతి స్త్రీ బొమ్మ దొరికింది, దాని వయసు సుమారు 30,000 ఏళ్లు. 2000లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ నిటారు మళ్లలోకి యంత్రాలు రావు. పండు కోతా, గోడ మరమ్మతూ అన్నీ చేత్తోనే. ఒకచోట గోడ కూలితే రాయి రాయి మళ్లీ పేర్చాలి, అందుకే క్రెమ్స్‌లోని వ్యవసాయ పాఠశాలలో ఈ గోడలు కట్టడం ఇప్పటికీ నేర్పుతున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య