రాత్రిపూట ‘పాము’ అనకూడదా? పాముకాటు వైద్యం చేసే డాక్టరుగా నాకు తెలిసిన అపోహలు, వాస్తవాలు

మా ఊళ్లో దీపాలు పెట్టాక ఎవరూ ‘పాము’ అనరు. ‘పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులేసుకుని వెళ్లు’ అనేది మా నాయనమ్మ. ఇంకా భక్తి ఉన్నవాళ్లకు అది సుబ్బారాయుడు. చిన్నప్పుడు నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు కృష్ణా డెల్టాలో ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వానాకాలం వస్తే పాముకాటు కేసులకు లెక్కే ఉండదు.

అపోహ: పేరు పలికితే పాము వస్తుంది.

వాస్తవం: పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. నేల అదురు దవడ ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే బొంగురు శబ్దాలు కొన్ని తెలుస్తాయి. అంతేగానీ మన మాట దానికి అర్థం కాదు. అది ఇంట్లోకి వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం. ధాన్యం బస్తాలు, కట్టెల మోపులు మంచానికి దూరంగా పెట్టుకుంటే చాలా మేలు.

అపోహ: ఇది చదువులేని పల్లెటూరివాళ్ల మూఢనమ్మకం.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కన్నడంలోనూ పాము పేరు పలకకుండా ‘హుళ’ అనేవాళ్లున్నారు, అంటే పురుగే. హిందీ ప్రాంతాల్లో రాత్రిపూట ‘రస్సీ’ అంటారు, తాడు అని. బెంగాల్‌లో ‘లతా’, తీగ. సుందరవనాల్లో తేనెకు వెళ్లేవాళ్లు పులిని ‘మామ’ అని పిలుస్తారు. రష్యన్‌లో ఎలుగుబంటిని ‘మెద్వేద్’ అంటారు. తేనె తినేది అని దానర్థం. భయంతో అసలు పేరు పలకడం మానేసి ఇలా పిలిచారని భాషా పండితుల అభిప్రాయం. మనమూ మశూచిని ‘అమ్మవారు’ అన్నాం. పిడుగు పడితే ‘అర్జునా, ఫల్గుణా’ అంటాం. చీకట్లో పాము భయం వేస్తే ఆస్తీకుణ్ణి తలుచుకుంటాం. ఒక పేరు దాచుకుని, ఇంకో పేరు అడ్డం పెట్టుకుని ధైర్యం తెచ్చుకోవడం మనిషి స్వభావం. ఇంట్లో ఎవరైనా ‘పురుగు’ అంటే నేను దిద్దను.

అపోహ: ఎక్కడైనా ‘పురుగు’ అన్నా నష్టం లేదు.

వాస్తవం: ఆసుపత్రిలో ఉంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున పాతికేళ్ల కూలీని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ‘రాత్రి కింద పడుకున్నాడయ్యా, ఏదో పురుగు ముట్టినట్టుంది’ అంది. ఒంటి మీద వాపు లేదు, గాటు లేదు. కడుపునొప్పి అంటున్నాడు. చీటీలో పురుగు కుట్టిందని రాసి, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాం. గంట తిరక్కుండా రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. ‘ఏం పురుగమ్మా?’ అని అప్పుడడిగాను. ఆమె గోడవైపు చూస్తూ, ‘అదేనయ్యా, పొడుగుది’ అంది. కట్లపాము. విరుగుడు ఎక్కించి, వెంటిలేటర్ మీద పెట్టాం. బతికాడు. ఆమె తప్పేమీ లేదు. ఆమె తన భాషలో సరిగ్గానే చెప్పింది, అడగాల్సిన ప్రశ్న మేమే అడగలేదు.

కట్లపాము కాటు అలాగే ఉంటుంది. కోరలు చిన్నవి, నొప్పి దాదాపు తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేయడం, రెప్పలు బరువెక్కడం అంటుంటే, ఏదీ కరిచినట్టు గుర్తులేకపోయినా సరే, వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే ఊపిరి కండరాలు పనిచేయవు.

అపోహ: కరిచింది పామని రోగికి చెబితే విషం త్వరగా ఎక్కుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. టెన్షన్ పడి పరుగెత్తితే విషం ఒంట్లోకి త్వరగా పాకుతుంది. అందుకే ధైర్యం చెప్పండి, నడవనివ్వకండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి. రోగి దగ్గర ఏ మాటైనా వాడండి. 108కి ఫోన్ చేసినప్పుడు, డాక్టరుకు చెప్పేటప్పుడు మాత్రం ‘పాము’ అనే అనండి.

అపోహ: మంత్రం వేస్తే, పసరు పోస్తే తగ్గింది.

వాస్తవం: చాలా పాములకు విషం లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. తగ్గినవి చాలావరకు అలాంటి కాట్లే. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం అసలే వద్దు.

అపోహ: ఏ పామో తెలియకపోతే వైద్యం లేదు.

వాస్తవం: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు ఉంది. చంపి సంచిలో తేనక్కర్లేదు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే రెండు మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం. మీకు ఆలస్యంగా అనిపించినా, అది పరీక్షే.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి.

ఆ రోజు నుంచి ‘పురుగు’ అని ఎవరొచ్చినా నేను అడిగేది ఒకటే: ‘తేలా, జెర్రా, పామా?’ కొందరు పెద్దవాళ్లు అప్పటికీ నోటితో అనరు. అరచేతిని పడగలా వంచి చూపిస్తారు. చీటీ మీద ఆ మాట నేను రాసుకుంటాను.