పదహారో కీర్తన: క్రీ.శ. 553 నాటి తీర్పు, నేటికీ తెగని వాదం

నా ప్రాణాన్ని పాతాళంలో విడిచిపెట్టవు, నీ పరిశుద్ధుణ్ణి కుళ్లు పట్టనియ్యవు అని దేవునితో చెప్పుకునే, బైబిల్లో దావీదు రాజు పేరిట ఉన్న 16వ కీర్తన క్రీస్తు పునరుత్థానాన్ని గురించిన ప్రవచనమా, ప్రాణాపాయంలో పడిన భక్తుడి ప్రార్థనా అన్న వాదం ఈస్టర్ వేళకు మళ్లీ రాజుకుంది. దావీదు చనిపోయాడు, అతని సమాధి నేటికీ మన మధ్య ఉంది, కాబట్టి అతడు తన గురించి చెప్పుకోలేదు అని పెంతెకొస్తు పండుగ నాడు యేసు శిష్యుడు పేతురు చేసిన వాదన విశ్వాసులందరికీ తెలిసిందే. రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్, పడుకుని నిద్రపోయి మేలుకున్నానన్న మూడో కీర్తన మాటను కూడా పునరుత్థానానికే అన్వయించాడు.

అసలు మలుపు ఆ తరువాత, క్రైస్తవుల మధ్యనే వచ్చింది. నేటి తుర్కియే దక్షిణాన ఉన్న కిలికియ ప్రాంతంలోని మాప్సుయెస్తియాకు 392 నుంచి 428 వరకు బిషప్‌గా ఉన్న థియోడోర్, ఏ కీర్తననైనా ముందు దాని కాలంలో, దాని సందర్భంలో పెట్టి చదవాలన్నాడు. సూటిగా క్రీస్తును గురించినవని ఆయన ఒప్పుకున్నవి 2, 8, 45, 110 కీర్తనలు మాత్రమే. సిలువ మీద యేసు పలికిన మాటతో మొదలయ్యే 22వ కీర్తన కూడా ఆయన దృష్టిలో కొడుకు అబ్షాలోము తిరుగుబాటు నాటి దావీదు గోడే. ఆయన పునరుత్థానాన్ని శంకించలేదు. పాత మాటలు క్రీస్తులో నిజమై కనబడ్డాయి గనుకనే పేతురు వాటిని వాడుకున్నాడన్నాడు. పేతురును తక్కువ చేసే మాట ఇందులో ఒక్కటీ లేదు.

థియోడోర్ కన్నుమూసిన 125 ఏళ్లకు, 553లో, జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో జరిపించిన మహాసభ ఆయనను శపించింది, అంటే సంఘానికి వెలివాడని ప్రకటించింది. ప్రధాన అభియోగం క్రీస్తులోని దైవ, మానవ స్వభావాల గురించినదే అయినా, కీర్తనల వ్యాఖ్యానం నుంచి తీసిన ముక్కలను కూడా సాక్ష్యంగా చదివారు. చనిపోయినవాణ్ణి శపించడం తగదని మొదట అడ్డు చెప్పిన పోప్ విజిలియస్ కొద్ది నెలలకే లొంగిపోయాడు. ప్రవచనాన్ని కాదంటే అపొస్తలుల సాక్ష్యమే బలహీనపడుతుందన్నది సభ పక్షం వారి భయం. అయితే జవాబు చెప్పుకునే మనిషే లేని విచారణలో ఆ భయమే తీర్పయింది.

ఆ తీర్పు నీడ చాలా దూరం పడింది. 16వ కీర్తన రచయిత క్రీస్తు పునరుత్థానం గురించి చెప్పలేదని వ్యాఖ్యానించే స్వేచ్ఛ కతోలికులకు లేదని వాటికన్ బైబిల్ కమిషన్ 1933లో ప్రకటించింది. అదే కమిషన్ 2001లో మాత్రం ప్రవచనాలను రాబోయే సంఘటనలకు ముందే తీసిన ఫొటోలుగా చూడటం పొరపాటని, పాత నిబంధనలో క్రీస్తును చూడటం జరిగినదాని వెలుగులో వెనక్కి తిరిగి చదవడమేనని, క్రీస్తు ప్రసక్తి లేకుండా యూదులు చదివే తీరూ సాధ్యమైనదేనని రాసింది. థియోడోర్ మీది శాపాన్ని ఏ మహాసభా ఇప్పటికీ ఎత్తివేయలేదు.