అలిపిరి మెట్లెక్కినవాళ్లకు కల్సూబాయి ఒక లెక్కా?

మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కల్సూబాయి, 1,646 మీటర్లు. హైదరాబాద్ నుంచి చిన్న చిన్న గ్రూపుల్ని అక్కడికి తీసుకెళ్తుంటాను. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నాసిక్ రోడ్ దాకా, అక్కణ్ణుంచి జీపులో కొండ కింద ఉన్న బారి ఊరిదాకా ప్రయాణం. ఈ దారిలోనే ప్రతిసారీ అవే మాటలు వింటాను.

అపోహ: "అలిపిరి మెట్లు ఎక్కేశానండీ, ఇదెంత?"

ఎక్కే ఎత్తు చూస్తే రెండూ దగ్గరదగ్గరే, కల్సూబాయి కాస్త ఎక్కువ. అలిపిరిలో సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. కానీ తిరుమలలో దర్శనం అయ్యాక ఏం చేస్తాం? బస్సెక్కి దిగిపోతాం. కల్సూబాయి మీద బస్సు లేదు. ఎక్కినంతా మన కాళ్లతోనే దిగాలి. ఇది వినగానే చాలామంది నవ్వుతారు, దిగడం సులువేగా అని.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి అలసట తెలియదు. తొడ ముందు కండరం మాత్రం అడుగడుగునా సాగుతూ బ్రేకులా పనిచేస్తుంటుంది. గంట గడిచేసరికి కాళ్లు వణకడం మొదలవుతుంది, మోకాలు పట్టు తప్పుతుంది. నా గ్రూపుల్లో జారిపడ్డవాళ్లలో ఎక్కువమంది దిగేటప్పుడే పడ్డారు. అందుకే చిన్న అడుగులు వేయమంటాను, మోకాలు కొద్దిగా వంచి. చేతికర్ర ఉంటే మరీ మంచిది. దిగడం మొదలుపెట్టే ముందు బూటు లేసులు చీలమండ దగ్గర బిగించుకోవాలి, లేకపోతే వేళ్లు ముందుకు వెళ్లి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు ఇంటిదగ్గరే కత్తిరించుకు రండి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు.

ప్రాక్టీసుకు అపార్ట్‌మెంటు మెట్లు చాలు. ఎక్కి, లిఫ్టులో దిగేవాళ్లే ఎక్కువ. మనకు కావలసింది ఆ దిగడమే!

అపోహ: "రోజూ పది కిలోమీటర్లు వాకింగ్ చేస్తాను. రానూపోనూ 12 కిలోమీటర్లేగా?"

కొండను కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పుతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతాం. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానిమీద ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. బారి నుంచి శిఖరం దాకా దూరం ఆరు కిలోమీటర్లకు అటూ ఇటూ, ఎక్కాల్సిన ఎత్తు 800 మీటర్లకు పైనే. అంటే రెండున్నర గంటలు. అదీ ఆగకుండా నడిచే మనిషికి. ఫొటోలు, టీ, ఇనుప నిచ్చెనల దగ్గర క్యూ కలిపితే నేను మూడున్నర వేసుకుంటాను. వానాకాలం ఆదివారమైతే నాలుగు.

అపోహ: "ఇంతదూరం వచ్చి పైదాకా వెళ్లకుండా తిరిగొస్తామా?"

వస్తాం. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండు మాకు గీత. ఎక్కడున్నా సరే, అక్కణ్ణుంచి వెనక్కే. మూడు గంటలకు కిందికి చేరతాం, చీకటి పడేలోపు ఇంకో మూడు గంటలు చేతిలో ఉంటాయి. ఆ మూడు గంటలూ ఎవరి కాలైనా బెణికితే వాడుకోవడానికి. ఒక జులైలో పొగమంచు కమ్మేసి, నిచ్చెన దగ్గర జనం కదలక, శిఖరం అరగంట దూరంలో ఉండగా అందరినీ తిప్పేశాను. ఒకాయన రైలెక్కేదాకా నాతో మాట్లాడలేదు. ఆ గీతను ఇంటిదగ్గర ఉండగానే గీసుకోవాలి. పైన నిలబడి ఆలోచిస్తే ఎవరికీ వెనక్కి రావాలనిపించదు, నాక్కూడా.

ఉరుము వినిపిస్తే మాత్రం పన్నెండు దాకా ఆగేది లేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లలోపే ఉంటే పిడుగు పది కిలోమీటర్లలోపే పడినట్టు. ఇనుప నిచ్చెనలున్న కొండ మీద అది చాలా దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలు మరీ జాగ్రత్త.

అపోహ: "పైన ఆక్సిజన్ అందదేమో."

ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే. ఇక్కడ ఊపిరాడకపోతే కారణం తొందరగా నడవడమే. పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో ఎక్కండి.

అపోహ: "సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో దారి తెలియదు."

జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి టవర్ అక్కర్లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతికీ వెతికీ ఫోన్ బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది.

అపోహ: "నీళ్లు ఎంత తాగితే అంత మంచిది."

గంటకు అరలీటరు చొప్పున మూడు లీటర్లు మోయండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, పల్లీ పట్టీలు పెట్టుకోండి. నేనైతే పులిహోర తెస్తాను, ఉప్పూ పులుపూ ఉంటుంది, మధ్యాహ్నం దాకా పాడవదు.

బారిలో ఏదో ఒక ఇంట్లో పిఠ్లా, భాకరీ చేసిపెడతారు. పిఠ్లా అంటే శనగపిండితో చేసే కూర. భాకరీ అంటే మన జొన్నరొట్టె లాంటిదే. ఎక్కేముందే భోజనం చెప్పి, మూడింటికల్లా వస్తామని టైము కూడా చెప్పి వెళ్తాను. నాలుగైనా రాకపోతే ఆ ఇంటివాళ్లే కొండవైపు చూడటం మొదలుపెడతారు.